ఇగ్బో పల్లెల్లో కొత్త పెండలం పండగకు ముందు దుంప ఎందుకు తవ్వరు?

ప్రశ్న ఇది: "నైజీరియా ఆగ్నేయాన ఉన్న ఇగ్బో పల్లెల్లో పండగ జరిగేదాకా కొత్త దుంప ఎవరూ నోట పెట్టరట, పెడితే భూదేవికి ఆగ్రహం వస్తుందట. ఇది ఉత్త మూఢనమ్మకమా, సేద్యానికి సంబంధించిన కారణం ఏదైనా ఉందా?"

కారణం ఉంది. కాకపోతే అది ఆ పంట గుణం తెలిస్తే తప్ప అర్థం కాదు. అందుకే ముందు పంట గురించి, ఆ తర్వాత దేవత గురించి చెప్తాను.

మొదట పేరు సరిచూసుకుందాం. ఇంగ్లీషులో "యామ్" అన్న మాట చూసి తెలుగులో కొందరు కంద అని రాస్తారు, కొందరు చిలగడదుంప అంటారు. రెండూ తప్పే. అది మన పెండలం జాతి. మనం పండించేది డయోస్కోరియా అలాటా, ఆసియా రకం. ఇగ్బోవాళ్లూ దాన్ని వేస్తారు గానీ వాళ్ల దృష్టిలో అది రెండో తరగతి, నీరెక్కువ, ఉడికించి దంచితే ముద్ద సాగదు. వాళ్లు నెత్తిన పెట్టుకునేది తెల్ల పెండలాన్ని, డయోస్కోరియా రొటుండాటాని. అది పశ్చిమ ఆఫ్రికా నేలలోనే పుట్టిన పంట. ఇగ్బోలో పెండలాన్ని "జి" అంటారు. ప్రపంచంలో పండే పెండలంలో సగానికి పైగా ఒక్క నైజీరియాలోనే పండుతుంది.

ఇక అసలు చిక్కు. ఈ పంటను రైతులు గింజతో వెయ్యరు. తినే దుంపనే ముక్కలు కోసి నాటాలి. మీటరుకు మీటరు ఎడంతో దిబ్బలు పోస్తే ఎకరానికి సుమారు 4,000 దిబ్బలు పడతాయి. దిబ్బకు 300 గ్రాముల ముక్క వేసినా 12 క్వింటాళ్ల దుంప మట్టిలోకి వెళ్లిపోతుంది. మామూలు దిగుబడి ఎకరానికి 40 క్వింటాళ్లు అనుకోండి, అందులో దాదాపు మూడో వంతు మళ్లీ విత్తనానికే తియ్యాలి. వరిలో ఎకరానికి 20, 30 కిలోల విత్తనంతో సరిపెట్టుకునే మనకు ఈ లెక్క గుండె గుభేలుమనిపిస్తుంది. విత్తనాన్ని వండుకు తిన్న రైతు మరుసటి ఏడు ఏమవుతాడో మన పల్లెల్లోనూ తెలుసు. అక్కడ విత్తనం, తిండి వేర్వేరు గాదెల్లో ఉండవు. రెండూ ఒకే దుంప. ఇగ్బో పల్లెలో పెండలం చుట్టూ అల్లుకున్న ఆంక్షల్లో చాలా భాగం సరిగ్గా ఈ ఒక్కచోటే కాపలా కాస్తాయి: తొందరపడి తవ్వకుండా, దొంగిలించకుండా, విత్తనం తినెయ్యకుండా.

ఏడాది పని ఇలా సాగుతుంది. జనవరి నుంచి మార్చి లోపు బీడు పడ్డ నేలలో పొదలు నరికి, ఎండబెట్టి, కాలుస్తారు. మన పోడు సేద్యం లాంటిదే. ఆ బూడిదే ఎరువు. పొట్టి పిడి వెడల్పు పారతో పైమట్టి లాగి దిబ్బలు పోస్తారు. నీరు నిలిచే నేలల్లో దిబ్బ పెద్దగా ఉండాలి. ఎబొన్యి రాష్ట్రంలో అబకలికి వైపు దిబ్బలు నడుమెత్తు ఉంటాయి. పెండలం వేరుకు నీరు నిలిస్తే కుళ్లు మొదలవుతుంది కాబట్టి ఈ శ్రమ తప్పదు. గట్టి నేలలో చిన్న దిబ్బ పోస్తే దుంప కిందికి దిగలేక వంకర్లు తిరిగి వేళ్లలా చీలుతుంది.

నాటే ముక్క 250 నుంచి 500 గ్రాములు ఉండాలి, ప్రతి ముక్కకూ తొక్క ఉండాలి, ఎందుకంటే మొలక వచ్చేది తొక్క కింద నుంచే. తల వైపు ముక్క ముందు మొలుస్తుంది, నడిమి ముక్కలు ఆలస్యం చేస్తాయి. అందుకే తెలిసినవాళ్లు తలలన్నీ ఒకచోట, నడుములన్నీ ఒకచోట నాటుతారు. కలిపి నాటితే పొలం ఎగుడుదిగుడుగా మొలిచి, కలుపు ఎప్పుడు తియ్యాలో తెలియక రెండింటికీ చెడుతుంది. కోసిన ముఖానికి కట్టెబూడిద రాసి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. పచ్చి కోతతో నాటితే మట్టిలో కుళ్లిపోవచ్చు.

నాటాక దిబ్బ నెత్తిన ఎండుగడ్డి కప్పి, ఎగిరిపోకుండా దాని మీద ఒక మట్టిపెడ్డ పెడతారు. చూడ్డానికి ప్రతి దిబ్బా టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది. మార్చి ఎండకు దిబ్బ పైపొర కాగిపోతుంది, మొదటి వాన పడి మళ్లీ రెండు మూడు వారాలు మొహం చాటేస్తే టోపీ లేని దిబ్బల్లో విత్తనం ఉడికినట్టే. పోయిన విత్తనానికి బదులు వేసేందుకు అప్పటికి ఇంట్లో దుంప ఉండదు. తొలివానను నమ్మి నాటాలా, ఆగాలా అన్న బెంగ అక్కడ మన ఖరీఫ్ రైతు బెంగలాంటిదే. వాన కోసం దిబియా దగ్గరికి, అంటే సోదె చెప్పి వైద్యం చేసే మనిషి దగ్గరికి వెళ్లేది ఈ రోజుల్లోనే.

మొలిచిన తీగకు 2 నుంచి 4 మీటర్ల ఊతకర్ర పాతాలి. కర్రలు చాలకపోతే ఒకే కర్రకు తాళ్లతో మూడు నాలుగు పాదులు ఎక్కిస్తారు. ఊత లేక నేల పాకితే ఆకు మీద ఆకు పడి దిగుబడి కోసుకుపోతుంది, ఆకుమచ్చ తెగులు పాకుతుంది. కలుపు కనీసం మూడుసార్లు తియ్యాలి, మొదటి మూడు నెలలే ప్రాణం. దిబ్బ పొయ్యడం, నాటడం, కర్ర పాతడం, తవ్వడం మగవాళ్ల పని. కలుపు, దిబ్బల పక్కవాలుల్లో మొక్కజొన్న, బెండ, ఎగుసి దోస, గుమ్మడి జాతి ఉగు ఆకుకూర ఆడవాళ్లవి. చేమదుంప పూర్తిగా ఆడవాళ్ల పంట. దీనికి న్రి పట్టణంలో ఒక కథ ఉంది. మొదట్లో మనుషులకు తిండి లేకపోతే న్రి మూలపురుషుడు తన కొడుకును, కూతుర్ని బలి ఇచ్చి పాతిపెట్టాడట. కొడుకును పాతిన చోట పెండలం మొలిచింది, కూతుర్ని పాతిన చోట చేమ మొలిచింది. పెండలం మగపంట ఎందుకయింది, చేమ ఆడపంట ఎందుకయింది అంటే పెద్దలు ఈ కథే చెప్తారు. తవ్విన ప్రతి దుంప వెనకా ఒక బిడ్డ ప్రాణం ఉందని నమ్మే ఊళ్లో దుంపను ఎవరూ తేలిగ్గా చూడరు.

ఇప్పుడు జూన్, జూలై నెలలకు రండి. పాత దుంపలు ముడతలు పడి మొలకలేసి అయిపోతుంటాయి. కొత్తవి ఇంకా మట్టిలోనే ఉంటాయి. ఈ కరువు రోజుల్ని "ఉన్వు" అంటారు. ఇంటిల్లిపాదీ చేమదుంప, లేత మొక్కజొన్న కంకులతో నెట్టుకొస్తారు. బయట చూస్తే పొలం నిండా పచ్చటి తీగలు, ప్రతి తీగ కిందా దుంప ఉందని తెలుసు. ఆకలేసినవాడి చెయ్యి దిబ్బ మీదికి పోవడానికి ఇంతకన్నా అనువైన సమయం ఉండదు.

చెయ్యి పోతే ఏమవుతుంది? తీగ మొలిచిన రెండున్నర, మూడు నెలల దాకా దుంప సరిగా ఊరదు. బరువులో ఎక్కువ భాగం జూలై నుంచి సెప్టెంబరు మధ్యలోనే చేరుతుంది. జూన్‌లో తవ్వితే దొరికేది బొటనవేలంత, అదీ నీళ్ల ముద్ద. ఆ దిబ్బ మీద పెట్టిన విత్తనం బరువు కూడా వెనక్కి రాదు. ఆగస్టు దాకా ఆగితే కథ వేరు. తెల్ల పెండలానికి ఒక మంచి గుణం ఉంది, ఏడాదిలో రెండుసార్లు తియ్యొచ్చు. నాటిన ఐదారు నెలలకు దిబ్బను ఒక పక్క నుంచి మెల్లగా తవ్వి, దుంప బయటపడ్డాక తల కింద కత్తితో కోసి దుంపను తీసుకుంటారు. తల, తీగ, వేళ్లు అలాగే ఉంచి మట్టి కప్పేస్తారు. ఆ తల మళ్లీ ఊరి, మూడు నాలుగు నెలలకు తీగ ఎండేసరికి చిన్న దుంపల గుత్తి ఇస్తుంది. మొదటిది తిండికి, రెండోది విత్తనానికి. ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. పార విసురుగా వేసి వేళ్లు తెంపేస్తే రెండో పంట లేదు. మట్టి సరిగా కప్పకపోతే కోసిన తల వానకు కుళ్లుతుంది. మరీ ఆలస్యమైతే రెండో దుంప ఊరడానికి ఆకుకు ఆయుష్షు మిగలదు. అంటే సరైన గడువు ఉన్నది కొన్ని వారాలే. ఆ వారాలు మొదలయ్యాయని ఊరందరికీ ఒకేసారి చాటేదే పండగ.

పండగ పేరు ఇరి జి, అంటే పెండలం తినడం. కొన్నిచోట్ల ఇవా జి అంటారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు. నైజర్, అనంబ్రా నదుల లంకల్లాంటి భూముల్లో వరద తీశాక నవంబరు, డిసెంబరుల్లోనే నాటి మళ్లీ వరద వచ్చేలోగా తవ్వేస్తారు. మెరక ఊళ్లలో వానతో నాటుతారు. తేదీ ఎక్కడికక్కడ మారడానికి ఇదొక కారణం.

పాత దుంపలు పండగకు ముందే ముగించేస్తారు. పండగ పొద్దున పూజారో, ఊరిపెద్దో ముందు ఒజి చేతికి తీసుకుంటాడు. ఒజి అంటే కోలా కాయలోని గింజ. అతిథికి మన తాంబూలం లాంటిదే గానీ దానికన్నా కట్టుబాటు ఎక్కువ. పగలగొట్టకముందు దాన్ని పళ్లెంలో పెట్టి బంధువరస ప్రకారం చేతులు మారుస్తారు, వరస తప్పితే అవమానం. ప్రార్థన ఇగ్బోలోనే చెప్పాలి, ఒజికి ఇంకో భాష రాదంటారు. ఆడవాళ్లు పగలగొట్టరు. పగిలాక పప్పులు లెక్కబెడతారు. నాలుగొస్తే సంతోషం, ఇగ్బో వారంలో ఉండే నాలుగు రోజులకూ సరిపోయిందని. రెండు పప్పుల కోలా రకం సంతలో ఎంత దొరికినా పూజకు పనికిరాదు. ఆ తర్వాత పెండలానికి అధిదేవత అయిన అహియాజోకు పీఠం మీద కోడి రక్తం చిలకరిస్తారు. ఈ దేవతను కొన్ని ఊళ్లలో ఇఫెజియోకు అని, న్జోకు జి అని అంటారు. న్జోకు, మ్మాజి అన్న పేర్లున్నవాళ్లు మీకు తగిలితే ఆ పేర్లు ఈ దేవతకు అంకితమైన పిల్లలకు పెట్టే పేర్లని గుర్తుపెట్టుకోండి.

కొత్త దుంపను నిప్పుల మీద తొక్క బొగ్గయ్యేదాకా తిప్పుతూ కాలుస్తారు. కత్తి వీపుతో మసి గీకేసరికి లోపల తెల్లగా, పొగలు కక్కుతూ కనిపిస్తుంది. ముక్క కోసి ఎర్రటి పామాయిల్‌లో అద్ది మొదట నేలకు, పితృదేవతలకు పెట్టి, తర్వాత పెద్ద తాను తింటాడు. అప్పటిదాకా ఊళ్లో ఎవరి నోటా పడదు. దంచకుండా కాల్చడంలో ఇంకో సంగతి ఉంది. అప్పుడే తవ్విన దుంపలో నీరెక్కువ, రోట్లో వేసి దంచితే జారిపోతుంది. ఒకటి రెండు నెలలు ఆరాకే మంచి ముద్ద వస్తుంది. పూజ కోసం కాల్చారా, కాల్చితేనే రుచి కాబట్టి పూజలో అలా స్థిరపడిందా అని తేల్చబోవడం అనవసరం.

అసలు కోత నవంబరు, డిసెంబరుల్లో, తీగ పసుపెక్కి ఎండాక. ఇక నిలవ సంగతి. ఓబా అంటే పెండలం కొట్టు. దానికి గోడలుండవు. రెండు మూడు మీటర్ల గుంజలు వరసగా పాతి అడ్డకర్రలు కట్టి, ఒక్కో దుంపను రాఫియా అనే తాటిజాతి చెట్టు నారతో విడివిడిగా కట్టి ఒకదాని మీద ఒకటి వేలాడదీస్తారు. గుంజలకు ఒగిరిసి లాంటి చెట్టు కొమ్మలు వాడతారు. అవి పాతిన చోట వేరుపట్టి చిగురేస్తాయి, ఎండాకాలం వాటి నీడే దుంపలకు రక్షణ. ఒగిరిసి గుడిచెట్టు కూడా, నరకరు. నీడ, గాలి, రెండూ ఉండాలి. ఎండ తగిలితే దుంప లోపల నల్లబడుతుంది, గాలి ఆడకపోతే బూజు.

కట్టేముందు దెబ్బతిన్నవాటిని వేరు చెయ్యడం సగం పని. పార గాటు పడ్డవి, పెంకుపురుగు తొలిచినవి ముందు తినేయాలి. చిన్న గీతలున్నవాటిని 32 నుంచి 40 డిగ్రీల వేడిలో, గడ్డి కప్పి తేమ పోకుండా కొన్ని రోజులు ఉంచితే గాయం మీద కొత్త పొర కడుతుంది. తొక్క కింద గోధుమరంగు పొడిపట్టు కనిపిస్తే నులిపురుగు, అది విత్తనానికి పనికిరాదు. తెలియక నాటితే వచ్చే ఏడు పొలమంతా అదే. అన్నీ సరిగా చేసినా మొదటి మూడు నెలల్లో బరువు 10, 15 శాతం తగ్గుతుంది. మొలకలు కనపడగానే తుంచెయ్యాలి, లేకపోతే దుంపలోని పిండంతా మొలక లాగేసుకుంటుంది. కొన్ని ఊళ్లలో బహిష్టు సమయంలో ఆడవాళ్లు ఓబాలోకి రాకూడదంటారు. దీనికి సేద్యపు కారణం వెతక్కండి, లేదు. ఓబా మగవాడి సంపదకు, పరువుకు కొలబద్ద. పెండలాల్లో గొప్ప రైతుకు ఎజె జి అన్న బిరుదు ఇస్తారు, అంటే పెండలం రాజు. పాత లెక్కలో పెండలాలు ఇరవైల్లో లెక్కపెడతారు, ఇరవై ఇరవైలకు, అంటే 400కు, "న్ను" అని విడిగా మాట ఉంది.

ఇక భూదేవి. ఆమె పేరు ఆలా, కొన్ని యాసల్లో ఆని. ఆమెకు చేసే అపచారం "న్సొ ఆలా". పెండలం దొంగతనం, ముఖ్యంగా నాటిన ముక్కను దిబ్బలోంచి తవ్వుకుపోవడం, ఈ జాబితాలో ఉంది. వంద దిబ్బల్లో విత్తనం పోతే ఒక ఇల్లు మరుసటి ఏడు పస్తే. పొలాలకు కంచెలుండవు, రాత్రి కాపలా ఉండదు, కాబట్టి నేలే చూస్తోందన్న భయం కాపలా కాసేది. దొరికితే పాతకాలంలో ప్రాణం తీసేవారు, లేదా బానిసగా అమ్మేసేవారు. అపచారం జరిగిన నేలను శుద్ధి చెయ్యడానికి న్రి మనుషులు ఊరూరా తిరిగేవారు, వాళ్ల అధికారం కత్తితో వచ్చింది కాదు, ఈ శుద్ధితోనే వచ్చింది. ఆ ప్రాంతం పాతదనానికి సాక్ష్యం న్రికి దగ్గర్లోని ఇగ్బో-ఉక్వులో దొరికింది. 1938లో ఒకాయన ఇంటి దగ్గర నీళ్లగుంత తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి, 1959లో పురావస్తు శాస్త్రవేత్త థర్‌స్టన్ షా అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. అవి 9వ, 10వ శతాబ్దాల నాటివని తేల్చారు.

భూమి కూడా ఆలాదే, ఉమున్నాది, అంటే ఒకే తండ్రి సంతతిది. పాత పద్ధతిలో శాశ్వతంగా అమ్మడం లేదు, తాకట్టు పెట్టొచ్చు, ఎన్నేళ్లకైనా విడిపించుకోవచ్చు. వారానికి నాలుగే రోజులు: ఎకె, ఓరియె, ఆఫొ, న్క్వొ. సంతలన్నీ ఈ పేర్లతోనే. చాలా ఊళ్లలో వీటిలో ఒకరోజు నేలకు పార తగలకూడదు. ఏ రోజన్నది ఊరిని బట్టి.

అయితే ప్రతి నమ్మకానికీ సైన్సు అంటించేస్తే తప్పులో కాలేసినట్టే. ఉదారా పండు చెట్టు నుంచి కొయ్యకూడదు, రాలిందే ఏరుకోవాలి అంటారు. కోసిన కాయలో జిగట పాలుంటాయి కాబట్టి ఈ నియమానికి కారణం దొరుకుతుంది. అనంబ్రా రాష్ట్రంలో ఇదెమిలి వైపు కొండచిలువను చంపరు, పొరపాటున చస్తే మనిషికి చేసినట్టు అంత్యక్రియలు చేస్తారు. మన నాగులచవితి తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు గానీ, దానికి పంట లెక్క చెప్పలేం. కవలలు పుట్టడం కూడా ఒకప్పుడు ఆలాకు అపచారమే, ఆ పసికందుల్ని అడవిలో వదిలేసేవారు. దిబ్బను కాచిన భయమే ఆ పనీ చేయించింది.

మార్పు కర్రపెండలంతో వచ్చింది. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చినా ఇగ్బో లోపలి పల్లెలు చాలాకాలం దాన్ని చిన్నచూపు చూశాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చి, దిబ్బలు పోసే మనుషులు మంచాన పడి, చనిపోయాక అది ఊపందుకుంది. కాడ గుచ్చితే చాలు, తినే దుంపను విత్తనంగా వదులుకోనక్కర్లేదు, నేలలోనే నిలవ ఉంటుంది. గమ్మత్తుగా ఇగ్బోవాళ్లు దానికి పాత పంట పేరే తగిలించి "జి అక్పు" అన్నారు, మనమూ అదే పంటను పెండలం పేరుతోనే పిలుస్తున్నాం. కానీ దానికి దేవత లేదు, పండగ లేదు, ముందు తినకూడదన్న ఆంక్షా లేదు. ఎప్పుడు తవ్వినా విత్తనం పోదు కదా.

ఇవాళ ఇగ్బోల్లో ఎక్కువమంది క్రైస్తవులు. చాలాచోట్ల కొత్త దుంపను చర్చిలోనే ఆశీర్వదిస్తారు. జనం పెరిగి బీడు పెట్టే ఏళ్లు తగ్గాయి, పట్టణాల్లో తినే పెండలం చాలావరకు ఉత్తరాన బెన్యూ రాష్ట్రం నుంచి లారీల్లో వస్తోంది. విత్తనం చిక్కును విప్పే పద్ధతి మాత్రం ఇగ్బో నేలమీదే, అబియా రాష్ట్రంలోని ఉముదికె దుంపపంటల పరిశోధన కేంద్రంలో, ఇబాదాన్‌లోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థతో కలిసి తయారైంది. కిలో దుంపను తొక్క ఉండేలా 25 గ్రాముల చొప్పున 40 ముక్కలు కోసి, బూడిదో శిలీంధ్రనాశినో పట్టించి, నీడలో ఆరబెట్టి, మీటరు ఎడం బోదెల మీద 25 సెంటీమీటర్లకొకటి నాటాలి. సీజను చివర ఒక్కోటి పావుకిలో అటూఇటూ విత్తన దుంప అవుతుంది. మన పెండలానికీ ఇది పనిచేస్తుంది. మీరు చెయ్యాలనుకుంటే మొదటి వానకు నాటకండి. ముక్క చిన్నది కాబట్టి వాన ఆగితే తట్టుకోదు, వానలు కుదురుకున్నాక నాటండి.